తరగతి గదికి ఐస్‌క్రీం పుల్లల ప్యాకెట్: టీచర్లు కొనొచ్చా?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక స్టేషనరీ షాపులో కొన్నాను. క్రాఫ్ట్ పనికని అమ్ముతారు కానీ నేను ఒక్కో పుల్ల మీద ఒక్కో పిల్లవాడి పేరు రాసి, ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలో వేసి నాలుగో తరగతిలో ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పాలో తేల్చడానికి వాడుతున్నా: ఎవరి పేరున్న పుల్ల వస్తే వాళ్లు చెప్పాలి. చాలా నచ్చింది.

ముందు ప్రశ్న అడగాలి, కాసేపు ఆగాలి, ఆ తర్వాతే పుల్ల తీయాలి, ఎందుకంటే పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. ఆ ఆగడమే ముఖ్యం. టీచర్ కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని, నోరు విప్పనివాళ్లు తగ్గుతారని మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లోనే చెప్పింది. మా క్లాసులో గోడకు ఆనుకుని కూర్చునే పాప, పేరు రాగానే లేచి గౌను అంచు వేలికి చుట్టుకుంటూ "శేషం మూడు సార్" అంది. చెయ్యెత్తేవాళ్లనే అడిగే క్లాసులో ఆ గొంతు వినపడదు.

తీసిన పుల్ల మళ్లీ డబ్బాలోనే వేయండి, లేదంటే నా వంతు అయిపోయిందిలే అనుకుంటారు. తెలియకపోతే పక్కవాళ్ల సాయం తీసుకోనివ్వండి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది, కాబట్టి పిల్లల్ని నిలబెట్టి సిగ్గుపడేలా చేయడానికి దీన్ని అస్సలు వాడొద్దు.

లోపాలున్నాయి. స్కెచ్ పెన్ సిరా పాకుతుంది, బాల్‌పెన్ మేలు. కొన్ని అంచులు గరుకుగా ఉన్నాయి, ఉప్పుకాగితంతో రుద్దాల్సిందే. ప్రైమరీ టీచర్లు తప్పకుండా కొనండి. హైస్కూల్లో ఐదారు సెక్షన్లు తిరిగేవాళ్లకు మాత్రం రోల్ నంబర్ల చీటీలు చాలు.