అద్దె జిరాక్స్ మెషిన్: ఆ ఒక్క షరతు కోసమే ఇంకా ఉంచుకున్నా

తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా షాపు పెడదామనుకున్నప్పుడు, మెషిన్ ఎలా తెచ్చుకోవాలన్న దగ్గరే ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. ముద్ర లోన్‌లో కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా పూచీ లేకుండా ఇస్తారు, కొత్తదే తీసుకో అని మా ఆయన. 65 వేలకు రీకండిషన్ మెషిన్ (బాగుచేసి అమ్మే పాతది) దొరుకుతుంటే కిస్తీలెందుకు అని తమ్ముడు. బ్యాంకులో అడిగితే సెకండ్ హ్యాండ్ కొటేషన్‌కి లోన్ రాదన్నారు. వ్యాపారం నడుస్తుందో లేదో తెలియకుండా నెత్తి మీద కిస్తీ పెట్టుకోవడం నాకు నచ్చలేదు. అలా అద్దె మెషిన్ వచ్చింది. స్పీడెంత, ప్రింట్ క్వాలిటీ ఎలా ఉంది లాంటివి మీకు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను.

అగ్రిమెంట్లో నాలుగో పేజీలో ఒక షరతు ఉంది: మెషిన్ మరుసటి రోజుకల్లా బాగుకాకపోతే ఇంకో మెషిన్ తెచ్చి పెట్టాలి. సంతకం పెట్టేటప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాని విలువ తెలంగాణ ప్రభుత్వ పథకాల కోసం పెట్టిన ప్రజాపాలన దరఖాస్తులప్పుడు తెలిసింది.

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు దరఖాస్తులు తీసుకున్నారు. ప్రతి ఇంటికీ ఆధార్ జిరాక్స్, తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ కావాలి. పొద్దున షట్టర్ తీసేసరికే లైన్ ఉండేది. సరిగ్గా ఆ రద్దీలో మెషిన్ లోపల్నుంచి కిర్రుమని చప్పుడు మొదలైంది. కాపీ వస్తోంది కానీ, బొటనవేలితో రుద్దితే ఆధార్ నంబర్ వేలికి అంటుకుని వచ్చేస్తోంది. ఒక పెద్దాయన ఆ కాగితం తిరిగిచ్చి, "నా నంబరేది బిడ్డా?" అన్నాడు. ఏం చెప్పను?

మెకానిక్ అబ్బాయి వచ్చి ఫ్యూజర్ ఊడదీసి చూపించాడు. టోనర్ అనే ఇంకు పొడిని వేడితో కాగితానికి అంటించే ఫిల్మ్, పాల మీద మీగడలా ఒక అంచున ముడుచుకుని చిరిగిపోయింది. "అక్కా, ఇది హైదరాబాద్ నుంచి రావాలి, రెండు రోజులు పడుతుంది" అన్నాడు. ఆ రెండు రోజులు షాపు మూస్తే సీజన్ మొత్తం పోయినట్టే. ఆ పేజీ తీసి అతని ముందు పెట్టాను. మెషిన్ ఓనర్‌కి ఫోన్ చేశాడు. చీకటి పడ్డాక ట్రాలీ ఆటోలో ఇంకో మెషిన్ దిగింది. పక్క వీధిలో సొంత మెషిన్ ఉన్నాయన డ్రమ్ (అక్షరాల అచ్చు పడే రోలర్) పోయి ఆ వారం షట్టర్ సగం దించుకుని, వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపాడు. సొంతానికీ అద్దెకూ తేడా నాకు అక్కడ కనిపించింది.

అయితే ఆ వచ్చింది కొత్త మెషిన్ ఏమీ కాదు. రెండువైపులా దానంతటదే తీయదు, ప్రతి కాగితం నేనే తిప్పి పెట్టాలి. తర్వాత వానాకాలంలో ఇంకోసారి ఆగితే, స్టాండ్‌బై, అంటే బదులు మెషిన్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేయాల్సి వచ్చింది, ఒక రోజు ఆలస్యంగా పంపారు. మెషిన్ ఓనర్ అరగంట దూరంలో ఉన్నాడు కాబట్టి ఈ మాత్రమైనా జరిగింది. మారుమూల ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ షరతు కాగితం మీదే ఉండిపోవచ్చు.

నాకు ఒళ్లు మండేది కాపీలు లెక్కపెట్టే మీటర్ దగ్గర. నెలకు 6 వేల కాపీల మినిమం, కాపీకి 45 పైసలు. టోనర్, డ్రమ్, రిపేరు వాళ్లవి. పేపర్, కరెంటు నావి. మే నెలలో కాలేజీ పిల్లలు ఉండరు, 2 వేలు తిరగడమే కష్టం, అయినా 2,700 కట్టాల్సిందే. దానిమీద 18 శాతం జీఎస్టీ. నాకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి అది వెనక్కి రాదు, నికరంగా 3,186. నక్షా లాంటి ఏ3 కాగితం తీస్తే రెండు కాపీలుగా లెక్క. మెకానిక్ వచ్చి టెస్ట్ కోసం తీసిన కాగితాలు కూడా మీటర్లో పడతాయి. ఇప్పుడు అతను వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ రీడింగ్ సర్వీస్ స్లిప్‌లో రాయించుకుంటున్నా, బిల్లులో తగ్గిస్తున్నారు.

ఇప్పటిదాకా కట్టిన అద్దె, తమ్ముడు చెప్పిన మెషిన్ ధర దాటిపోయింది. వాడు పండక్కి వచ్చినప్పుడల్లా ఆ లెక్క గుర్తు చేస్తాడు. ఇంట్లో ఫిల్మ్ మార్చడం వచ్చిన మనిషి ఉంటే, లేదా నమ్మకమైన మెకానిక్ ఊళ్లోనే ఉంటే, నేనైనా రీకండిషన్ మెషినే కొనేదాన్ని. మా ఆయన ఉద్యోగం కరీంనగర్‌లో, షాపులో నేనొక్కదాన్నే. మెషిన్ ఆగిందన్న టెన్షన్ వేరేవాళ్లు పడటం కోసం కడుతున్న డబ్బు అనుకుంటున్నా. అగ్రిమెంట్ మార్చిలో అయిపోతుంది. వేసవి రెండు నెలలు మినిమం సగానికి తగ్గించమని అడిగా, ఓనర్ ఇంకా ఏమీ చెప్పలేదు. తగ్గించకపోతే తమ్ముడి కొటేషన్ మళ్లీ బయటికి తీయాలి.