ఎస్‌డీసీసీ వాడి చూసా: 128 బైట్ల ర్యామ్‌లో సర్దుకోవడం నేర్పే కంపైలర్

చిన్న మైక్రోకంట్రోలర్లకి (పరికరాల్లో పెట్టే బుల్లి కంప్యూటర్ చిప్‌లు) ఫ్రీగా దొరికే సీ కంపైలర్ (సీ భాషలో రాసిన ప్రోగ్రాంని చిప్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చేది) ఏది బాగుంటుంది అని అడిగితే చాలామంది కళ్ళు మూసుకుని జీసీసీ అనేస్తారు. ఏవీఆర్‌కి, ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్‌లకి అయితే ఆ మాట నిజమే. కానీ మీ చేతిలో ఉన్నది 8051 రకమో, జెడ్80నో, ఎస్‌టీఎం8నో అయితే మామూలు జీసీసీలో వాటికి సపోర్టే లేదు. అప్పుడు వెళ్ళాల్సింది ఎస్‌డీసీసీ దగ్గరికి, అంటే స్మాల్ డివైస్ సీ కంపైలర్. సందీప్ దత్తా మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది, ఇప్పుడు వేరేవాళ్ళు శ్రద్ధగా నడుపుతున్నారు, 64 బైట్ల ర్యామ్ మాత్రమే ఉండే పడౌక్ చిప్‌లకి కూడా కోడ్ ఇస్తుంది. నేను దీన్ని రెండు చిప్‌ల మీద బాగా వాడా, ఒకటి 8051 రకానికి చెందిన ఏటీ89ఎస్51, ఇంకోటి ఎస్‌టీఎం8ఎస్003. ఆ అనుభవంతోనే రాస్తున్నా.

ముందు దీనికెందుకు వచ్చానో చెప్తా. ఒక కంపెనీ అమ్మే కంపైలర్ ట్రయల్ వెర్షన్‌తో మొదలుపెట్టా, అంతా హాయిగానే ఉంది, డిస్‌ప్లే కోడూ సీరియల్ కోడూ కలిపేసరికి సైజు 2 కేబీ దాటింది, ఇక లింక్ చేయనంది, అంటే ముక్కలన్నీ కలిపి చివరి ప్రోగ్రాం తయారుచేయనంది. చిప్‌లో 4 కేబీ ఫ్లాష్ (ప్రోగ్రాం ఉండే మెమరీ) ఉంటే సగం దగ్గరే ఆపేయడం చాలా బాధనిపించింది, సొంతంగా నేర్చుకునేవాళ్ళు లైసెన్స్ ఎక్కణ్ణుంచి తెస్తారు? ఎస్‌డీసీసీలో ఆ గొడవ లేదు, సైజు లిమిట్ లేదు, దాని లైబ్రరీలు లింక్ చేసినంత మాత్రాన మీ సోర్స్ బయటపెట్టాల్సిన పనీ లేదు.

ఇక అసలు విషయం. 8051 ఇంటెల్ 1980లో తెచ్చిన డిజైన్, దాంట్లో లోపలి ర్యామ్ 128 బైట్లు. అందులో 32 బైట్లు నాలుగు రిజిస్టర్ బ్యాంకులవి (రిజిస్టర్లంటే ప్రాసెసర్ లెక్కలకి వాడుకునే చిన్న గళ్ళు), ఇంకో 16 బిట్ల వారీగా వాడుకునే చోటు, ఇక మిగిలేది 80, అందులోనే మీ వేరియబుల్సూ, స్టాక్ (ఫంక్షన్‌ని పిలిచినప్పుడు తిరిగి రావాల్సిన అడ్రస్ లాంటివి దాచుకునే చోటు) రెండూ సర్దుకోవాలి. ఇలాంటి చోట మామూలు సీ రాసినట్టు రాస్తే కుదరదు, ఎస్‌డీసీసీ కూడా కుదురుతుందని నమ్మించదు. ఏ వేరియబుల్ ఎక్కడ ఉండాలో మీరే చెప్పొచ్చు, డేటా, ఐడేటా (లోపలి ర్యామ్), ఎక్స్‌డేటా (బయటి ర్యామ్), కోడ్ (ఫ్లాష్) అని కీవర్డ్‌లు ఉన్నాయి. సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేలో ఏ అంకెకి ఏ గీతలు వెలగాలో చెప్పే ప్యాటర్న్ టేబుల్‌ని మామూలు గ్లోబల్ అర్రేలాగా పెడితే అది ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటుంది, కోడ్ అని రాస్తే ఫ్లాష్‌లోనే ఉండిపోతుంది. పాయింటర్ (మెమరీలో ఒక చోటి అడ్రస్ పెట్టుకునే వేరియబుల్) సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది, ఏ మెమరీకో చెప్పకుండా పాయింటర్ పెడితే అది 3 బైట్లు తింటుంది, పైగా దాంతో చదివిన ప్రతిసారీ ఇది ఏ మెమరీ అని తేల్చడానికి ఒక లైబ్రరీ రొటీన్‌ని పిలుస్తుంది. డేటా పాయింటర్ అని చెప్పేస్తే 1 బైటు, కోడ్ పాయింటర్ అయితే 2. నా స్ట్రింగ్ ఫంక్షన్లలో ఈ ఒక్కటి మార్చి కంపైలర్ తయారుచేసిన అసెంబ్లీ కోడ్ ఉండే డాట్ ఏఎస్ఎం ఫైల్ తెరిచి చూస్తే ఆ కాల్స్ అన్నీ మాయం, కోడ్ చూడ్డానికే ముచ్చటేసింది.

నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది డాట్ మెమ్ ఫైల్. బిల్డ్ అవగానే పక్కన పడి ఉంటుంది, చాలామంది తెరవనే తెరవరు. అందులో ర్యామ్ మొత్తం గళ్ళు గీసినట్టు చూపిస్తుంది, కింద స్టాక్ ఎక్కడ మొదలవుతుందో, ఎన్ని బైట్లు మిగిలాయో ఒక లైన్ ఉంటుంది. ఒకసారి నా ప్రోగ్రాం అప్పుడప్పుడు పిచ్చి అంకెలు చూపిస్తుంటే రెండు రాత్రులు వైరింగ్ మీద అనుమానంతో గడిపా, తర్వాత ఆ ఫైల్ తెరిస్తే స్టాక్ హెక్స్‌లో 77 దగ్గర మొదలు, మిగిలింది 9 బైట్లు. ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి ముందు చేయించే పని) లోంచి ఇంకో ఫంక్షన్‌ని పిలిస్తే రిజిస్టర్లు దాచుకోడానికే పదికి పైన బైట్లు కావాలి, ఇంక 9 ఏ మూలకి?

ఇంటరప్ట్ అన్నా కాబట్టి కొత్తవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. టైమర్ ఇంటరప్ట్ ఫంక్షన్‌ని వేరే ఫైల్లో రాసా, మెయిన్ ఇంకో ఫైల్లో ఉంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, బర్న్ చేసి పవర్ ఇస్తే డిస్‌ప్లే వెలిగి ఆరిపోతోంది, మళ్ళీ వెలిగి మళ్ళీ ఆరిపోతోంది, చిప్ మాటిమాటికీ మొదటికొస్తున్నట్టుంది. టైమర్ ఆపేస్తే మాత్రం బుద్ధిగా నడుస్తోంది. చివరికి లిస్టింగ్ ఫైల్ తీసి చూసా, టైమర్ 0 ఇంటరప్ట్ వస్తే ప్రాసెసర్ హెక్స్‌లో 0బీ అడ్రస్‌కి దూకుతుంది కదా, అక్కడ నా ఫంక్షన్‌కి జంప్ ఉండాలి, దానికి బదులు స్టార్టప్ కోడ్ మధ్య భాగం ఉంది! అంటే ఏ ఇంటరప్ట్‌కి ఎక్కడికి దూకాలో చెప్పే వెక్టర్ టేబులే తయారవలేదు. మాన్యువల్‌లో ఉంది ఆ సంగతి, ఇంటరప్ట్ ఫంక్షన్ ప్రోటోటైప్ (ఇలాంటి ఫంక్షన్ ఉందని ముందే చెప్పే లైన్) మెయిన్ ఉన్న ఫైల్లో కనపడి తీరాలి, లేకపోతే దానికి వెక్టర్ పెట్టదు. హెడర్‌లో ఒక్క లైన్ రాసి ఇంక్లూడ్ చేస్తే అయిపోయింది. రూల్ రాసి ఉంది సరే, కానీ ఇంత నష్టం చేసే విషయానికి ఒక వార్నింగ్ అయినా ఇవ్వాల్సింది అని ఇప్పటికీ అనుకుంటా.

ఇంకోటి, 8051 మీద ఫంక్షన్లు మామూలుగా రీఎంట్రెంట్ కావు, అంటే ఒక ఫంక్షన్ నడుస్తుండగానే దాన్ని మళ్ళీ పిలవకూడదు. స్టాక్ చిన్నది కాబట్టి లోకల్ వేరియబుల్స్‌కి ర్యామ్‌లో ఫిక్స్‌డ్ చోటు ఇచ్చేస్తుంది, ఒకేసారి నడవని ఫంక్షన్లు ఆ చోటుని పంచుకుంటాయి. తెలివైన పనే, కానీ ఒకే ఫంక్షన్‌ని మెయిన్ లోంచీ ఇంటరప్ట్ లోంచీ పిలిస్తే ఒకళ్ళ విలువలు ఇంకొకళ్ళు తుడిచేస్తారు. ఇంటరప్ట్‌లో ఇంట్ (పూర్ణాంకం) భాగహారం చేసినా లోపల పిలిచేది లైబ్రరీ ఫంక్షన్‌నే, కాబట్టి అక్కడ లెక్కలు పెట్టకండి, ఒక ఫ్లాగ్ పెట్టి బయటికి వచ్చేయండి, లెక్క మెయిన్ లూప్‌లో చేసుకోవచ్చు.

అంకెలూ అక్షరాలూ ప్రింట్ చేసే ప్రింట్ఎఫ్ ఫంక్షన్ గురించి క్లుప్తంగా. ఒక్కో అక్షరాన్ని బయటికి పంపే పుట్‌చార్ మనమే రాసుకోవాలి, ఫ్లోట్ (దశాంశ సంఖ్య) ప్రింట్ చేయమంటే అంకె బదులు నో ఫ్లోట్ అని వస్తుంది, సెన్సర్ రీడింగ్‌ని పదితో హెచ్చించి ఇంటిజర్‌గానే ఉంచుకోండి, ఫ్లోట్ లైబ్రరీ వచ్చి పడితే 4 కేబీలో ఇంక చోటెక్కడుంటుంది. డబుల్ అని రాసినా అది 32 బిట్ల ఫ్లోటే.

ఎస్‌టీఎం8 మీదకొస్తే ఇదే కంపైలర్ వేరే మనిషిలా ఉంటుంది. 8 కేబీ ఫ్లాష్, 1 కేబీ ర్యామ్, మెమరీ అంతా ఒకటే వరస, కాబట్టి పైన చెప్పిన కీవర్డ్‌ల తలనొప్పి చాలావరకు ఉండదు. రిజిస్టర్ల కేటాయింపు బాగా చేస్తుంది. ఆ కేటాయింపు కోసం ఎంత వెతకాలో చెప్పే మ్యాక్స్ అల్లాక్స్ పర్ నోడ్ అని ఒక ఆప్షన్ ఉంది, మామూలుగా 3000, దాన్ని 50000 చేస్తే కంపైల్ అయ్యేలోపు లేచి ఒక చుట్టు తిరిగి రావచ్చు గానీ కోడ్ తగ్గుతుంది. నేను రోజూ పనికి మామూలు విలువే ఉంచుకుని, చివర్లో బోర్డుకి పెట్టే బిల్డ్‌కి మాత్రం పెంచుతా. 8051కి మాత్రం ఈ ఆప్షన్ పనికిరాదు.

కానీ ఇక్కడే దీని పెద్ద లోటు కూడా బయటపడింది. చిప్ తయారీదారు ఇచ్చే పెరిఫెరల్ లైబ్రరీ (టైమర్లు, సీరియల్ పోర్టు లాంటివాటిని నడిపే ఫంక్షన్లు) కలిపి కంపైల్ చేసా, నేను వాడింది నాలుగైదు ఫంక్షన్లు, ఫ్లాష్ మాత్రం నిండిపోయింది! ఎందుకంటే నేను వాడిన వెర్షన్‌లో లింకర్ ఫైల్ మొత్తాన్ని ఒక ముద్దగా తీసుకుంటుంది, అందులో పిలవని ఫంక్షన్లని వదిలేయడం దానికి రాదు. ఏవీఆర్ జీసీసీలో ఫంక్షన్ సెక్షన్స్, జీసీ సెక్షన్స్ అని రెండు ఆప్షన్లు ఇస్తే ఈ పని దానంతటదే అయిపోతుంది. ఇక్కడ ఒక్కో ఫంక్షన్‌ని ఒక్కో ఫైల్లో పెట్టి, అన్నిటినీ లైబ్రరీగా కట్టి లింక్ చేయాలి, అప్పుడు కావాల్సినవే వస్తాయి. నేను అంత చేయలేక రిజిస్టర్లకి నేరుగా రాసేసుకున్నా, చిన్న చిప్‌కి అదే సుఖం అనిపించింది. కోడ్ నాణ్యతకి ఐదుకి నాలుగు ఇస్తా, లింకర్‌కి రెండున్నర మించి ఇవ్వలేను.

బోర్డు లేనివాళ్ళకి ఒక మంచి మాట, దీంతో పాటే 8051కి సిమ్యులేటర్ (చిప్ లేకుండా కంప్యూటర్ మీదే ప్రోగ్రాం నడిపి చూపించేది) వస్తుంది, అందులో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపిస్తూ రిజిస్టర్లు చూసుకోవచ్చు. ఆ వెక్టర్ గొడవ అప్పుడు దీంట్లో నడిపి ఉంటే పది నిమిషాల్లో దొరికేది.

ఇప్పుడు నా మేక్‌ఫైల్‌లో (బిల్డ్ ఎలా చేయాలో రాసుకునే ఫైల్) రెండు ఆప్షన్లు పర్మనెంట్‌గా ఉంటాయి. ఐర్యామ్ సైజ్ (లోపలి ర్యామ్ ఎంతో చెప్పేది) 128 అని, స్టాక్ సైజ్ 24 అని. స్టాక్‌కి 24 బైట్లు మిగలకపోతే లింకర్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, చిప్‌లోకి ఎక్కించే హెక్స్ ఫైల్ బోర్డు దాకా వెళ్ళదు.