పిల్లల పంటి పనికి 'గ్యాస్' అని డబ్బు కట్టేముందు కాస్త ఆగండి

పోయిన నెల మా చిన్నోడికి కింది దవడలో పాలపన్ను పుచ్చి రాత్రిళ్ళు ఒకటే ఏడుపు. ఆరేళ్ళవాడు, సూది పేరెత్తితే మంచం కిందకి దూరిపోతాడు. విజయవాడలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, "భయం లేదమ్మా, లాఫింగ్ గ్యాస్ ఇస్తాం, బాబు నిద్రపోతాడు, లేచేసరికి పనైపోతుంది" అన్నారు. రూట్ కెనాల్, క్యాప్ ఖర్చు కాక గ్యాస్‌కి విడిగా 4,500 రూపాయలు ముందే కట్టించుకున్నారు.

మొదటి అబద్ధం అక్కడే. ఆ గ్యాస్‌తో పిల్లలు నిద్రపోరు. దాని అసలు పేరు నైట్రస్ ఆక్సైడ్, దాన్ని ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద మాస్క్ పెట్టి పీలిపిస్తారు. టెన్షన్ తగ్గి ఒళ్ళు తేలికవుతుంది, అంతే. పిలిస్తే పలుకుతారు. పంటి చిగురుకి మత్తు సూది ఎలాగూ వెయ్యాల్సిందే. ఇవన్నీ నాకు తర్వాత వేరే డాక్టరుగారు చెప్తే తెలిశాయి.

ఆ రోజు వాడికి రొంప. ముక్కు దిబ్బడేసి నోటితో ఊపిరి తీసుకుంటున్నాడు. చెప్తే "పర్లేదమ్మా" అన్నారు. ముక్కుతో పీలిస్తేనే కదా గ్యాస్ లోపలికి వెళ్ళేది! పైగా మాస్క్ పెద్దవాళ్ళది. పైఅంచు వాడి కనురెప్పలకి తగులుతోంది, పక్కలు లేచిపోయాయి. అసిస్టెంట్ అమ్మాయి బొటనవేలితో నొక్కి పట్టుకుంది. రెండు నిమిషాలైనా కాకుండానే సూది తీశారు. గ్యాస్ కొద్దికొద్దిగా పెంచుతూ, పిల్లాడు సడలాడో లేదో చూసుకున్నాకే మొదలుపెట్టాలట. వీడి పిడికిళ్ళు బిగిసే ఉన్నాయి, అది నాకే కనిపిస్తోంది. సూది గుచ్చగానే కెవ్వుమని మాస్క్ లాగేశాడు. ఇక ఇద్దరు చేతులు, ఒకరు తల పట్టుకున్నారు. కాళ్ళు నేనే పట్టుకున్నాను. పంటి పని సగమే చేసి, తాత్కాలికంగా మూసి పంపేశారు.

గ్యాస్ ఆపాక అయిదు నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ ఇవ్వాలి. ఆ ఊసే లేదు. ఆక్సిజన్ లెవల్ చూసే క్లిప్ వేలికి పెట్టనేలేదు. కడుపునిండా పెట్టి తేవద్దని కూడా ముందు చెప్పలేదు, నేనేమో నాలుగు ఇడ్లీలు, పాలు పట్టించాను. ఏడుపువల్లో గ్యాస్‌వల్లో, ఆటోలో మొత్తం కక్కేశాడు.

డబ్బు వెనక్కి అడిగితే "గ్యాస్ ఓపెన్ చేశాం కదమ్మా" అన్నారు. ఎంత శాతం ఇచ్చారు, ఎంతసేపు ఇచ్చారు అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బిల్లులో 'సెడేషన్' (మత్తు ఇవ్వడం) అని ఒక్క మాట, అంతే.

గ్యాస్‌ని తప్పుపట్టడం లేదు. మా అక్క కూతురికి హైదరాబాద్‌లో ఇదే గ్యాస్‌తో చక్కగా చేశారు. కాబట్టి వెళ్ళేవాళ్ళు ముందు చిన్నపిల్లల మాస్క్ చూపించమనండి. గ్యాస్‌లో కలిసే ఆక్సిజన్‌ని మెషీన్ 30 శాతం కంటే తగ్గనివ్వకూడదు, అది నిక్కచ్చిగా అడగండి. రొంపో చెవినొప్పో ఉంటే మీరే వాయిదా వేయించుకోండి, వాళ్ళు పర్లేదన్నా సరే. డబ్బు మాత్రం పనయ్యాకే ఇస్తామనండి.

ఇప్పుడు చూపిస్తున్న పిల్లల పళ్ళ డాక్టరుగారు మొదటి రోజు అసలు నోరే తెరిపించలేదు. చిన్న మాస్క్ ఒకటి ఇంటికిచ్చి పంపారు. వాడు దాన్ని ఎలుగుబంటి బొమ్మకి పెట్టి "ముక్కుతో, ముక్కుతో" అని గదమాయిస్తున్నాడు. రొంప పూర్తిగా తగ్గాకే రమ్మన్నారు.