జీసీసీ మధ్యలో ఆగిపోతే అక్కడి నుంచే కొనసాగించాలా, మొదటికి రావాలా?

మద్దిలపాలెం రూముల్లో ఉండి ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లు కొందరు లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ (ఎల్‌ఎఫ్‌ఎస్) మొదలుపెట్టారు, అంటే లినక్స్‌ని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కట్టుకోవడం. వాళ్ల దగ్గర్నుంచి తరచూ వచ్చే ప్రశ్న: "అన్నా, జీసీసీ బిల్డ్ ఆగిపోయింది. మళ్లీ మేక్ కొట్టనా, అంతా తీసేయనా?"

జీసీసీ అంటే సీ, సీ++ కంపైలర్. మేక్ అంటే బిల్డ్‌ని నడిపే కమాండ్. బిల్డ్ ఎందుకు ఆగిందో చూడకుండా దీనికి జవాబు చెప్పలేం.

ఎర్రర్‌లో "కిల్డ్", "సీసీ1ప్లస్" (జీసీసీలో సీ++ కంపైల్ చేసే ప్రోగ్రామ్) అని పక్కపక్కన కనబడితే దాదాపుగా అది ర్యామ్ చాలకే. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఉంచి మేక్‌కి -జె8 (ఒకేసారి ఎనిమిది పనులు) ఇస్తే ఇలా జరుగుతుంది. ఏదీ తీసేయక్కర్లేదు. -జె2కి తగ్గించి అక్కడి నుంచే నడపండి.

కరెంటు పోయి ఆగితే మాత్రం కొనసాగించొద్దు. విశాఖలో ఈదురుగాలి వేస్తే కరెంటు పోవడం మనకి తెలిసిందే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతే, అప్పుడే రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలైన ముక్కలు) కొన్ని సున్నా సైజులో మిగిలిపోవచ్చు. మేక్ చూసేది ఫైలు ఉందా, దాని టైమ్ కొత్తదా అన్నదే. లోపల ఏముందో దానికి పట్టదు. ఆ ఫైలు అయిపోయిందనుకుని ముందుకెళ్తుంది. చివర్లో ఆ ముక్కల్ని కలిపే లింకింగ్ దగ్గర తలా తోకా లేని ఎర్రర్ వస్తుంది. ఆ ఫోల్డర్ తీసేసి టార్‌బాల్ (సోర్స్ కోడ్ ఉన్న కంప్రెస్డ్ ఫైలు) మళ్లీ విప్పడమే మేలు. ఆ ఒక్క ప్యాకేజీ మళ్లీ చేస్తే చాలు.

"సీ కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్" అని వస్తే ఏ నిర్ణయానికైనా ముందు కాన్ఫిగ్.లాగ్ చదవండి. అసలు కారణం అందులోనే ఉంటుంది.

మరి మొదట కట్టిన బైనుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ ఉన్న ప్యాకేజీ) దాకా వెనక్కి వెళ్లాల్సింది ఎప్పుడు? గ్లిబ్‌సీ (సీ లైబ్రరీ) ఇన్‌స్టాల్ అయ్యాక ఒక చిన్న పరీక్ష ఉంది. ఖాళీ మెయిన్ ఫంక్షన్‌ని కొత్త కంపైలర్‌తో కంపైల్ చేసి, రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌తో ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో కలిపే డైనమిక్ లింకర్) పేరు చూడాలి. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో /లిబ్64/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్‌ఓ.2 అని రావాలి. వేరే పేరు వచ్చినా, ఏమీ రాకపోయినా ముందుకెళ్లొద్దు, బైనుటిల్స్ దాకా వెనక్కెళ్లాల్సింది అప్పుడే. టైమ్ వేస్ట్ అని టెన్షన్ పడి ఇక్కడ సర్దుబాటు చేసుకుంటే, దాని మీద కట్టేవన్నీ అనుమానమే.

వెనక్కెళ్లాక ఎల్‌ఎఫ్‌ఎస్_టీజీటీ (ఏ మెషీన్ కోసం కడుతున్నామో చెప్పే వేరియబుల్) విలువని ఎకో కమాండ్‌తో చూడండి. వేరే యూజర్‌తో కొత్త టెర్మినల్ తెరిస్తే అది ఖాళీగా ఉంటుంది. ఎస్‌హెచ్ (స్క్రిప్టులు నడిపే షెల్) దేనికి లింకై ఉందో కూడా చూడండి. ఉబుంటులో అది డాష్, మనకి కావాల్సింది బాష్. ఈ రెండూ సరిచేయకుండా మొదటికొస్తే మళ్లీ అదే పరీక్ష దగ్గర ఆగుతారు.