"రేసింగ్ పెట్రోల్" అని ఆయిల్ కలిపి అమ్మే డబ్బాలు కొనకండి: టూ స్ట్రోక్ డర్ట్ బైక్ ఉన్నవాళ్లకు జాగ్రత్త

టూ స్ట్రోక్ డర్ట్ బైక్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా పిల్లల కోసం 49 సీసీ చిన్న బండి కొన్నవాళ్లు, షాపులో "రేసింగ్ పెట్రోల్" అని ఆయిల్ ముందే కలిపిన డబ్బా అంటగడితే తీసుకోకండి. మా అక్క కొడుకు బండి ఇంజన్ ఆ డబ్బాతోనే పట్టేసింది, అంటే లోపల పిస్టన్ బిగుసుకుపోయి కదలకుండా ఆగిపోయింది. ఫిర్యాదు తేలేదాకా షాపు పేరు రాయను. డబ్బా ఎలా ఉంటుందో, అందులో ఏముందో మాత్రం చెప్తాను.

బండి కొన్నది మా బావ, హైదరాబాద్‌లో. అమ్మినాయన బండితో పాటు ఐదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాన్ చేతిలో పెట్టాడు. "అన్నా, బంకు పెట్రోల్ పోస్తే ఇంజన్ ఖరాబైతది, దాంట్ల ఇథనాల్ ఉంటది. ఇది విమానాలకు వాడేది. ఆయిల్ గూడ కలిపే ఉంది, పోసుకొని నడపుడే" అన్నాడట. ఇథనాల్ అంటే పెట్రోల్లో కలిపే ఆల్కహాల్. రెండు వేలు తీసుకున్నాడు. అంటే లీటరు నాలుగు వందలు, బంకు ధరకు దాదాపు నాలుగింతలు. లేబుల్ మీద మంటల బొమ్మ, రెండు ఇంగ్లిష్ మాటలు, అంతే. తయారుచేసినవాళ్ల చిరునామా లేదు, ప్యాక్ చేసిన నెల లేదు, ఎమ్మార్పీ లేదు. ఎంత ఆయిల్ కలిపారో లేదు, అసలు ఏ ఆయిలో కూడా లేదు.

ఈ విమానం కబుర్ల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే పడిపోతున్నారు. పెద్ద విమానాలకు కొట్టే ఏటీఎఫ్ కిరోసిన్ జాతిది, అది పోస్తే టూ స్ట్రోక్ ఇంజన్ బతకదు. చిన్న ప్రొపెల్లర్ విమానాలకు వాడే ఏవ్‌గ్యాస్ వేరే, అందులో సీసం ఉంటుంది, నీలం రంగులో ఉంటుంది. పిల్లల బైకులు అమ్మే షాపుకు అది లూజుగా వచ్చే దారే లేదు.

షాద్‌నగర్ దగ్గర పొలంలో పిల్లాడు రౌండ్లు కొడుతుంటే ఇంజన్ శబ్దం ఉన్నట్టుండి సన్నబడి, కీచుమని పైకి లేచి, ఠక్కున ఆగిపోయింది. స్టార్టర్ తాడు లాగితే అంగుళం కూడా కదల్లేదు. అదృష్టం ఏంటంటే ఈ చిన్న బండ్లకు వేగాన్ని బట్టి పట్టే క్లచ్ ఉంటుంది కాబట్టి ఇంజన్ పట్టేసినా వెనక చక్రం లాక్ కాదు. గేర్లున్న పెద్ద డర్ట్ బైక్ అయితే చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది, మనిషి ఎగిరి పడతాడు. పెద్ద బండి నడిపేవాళ్లు శబ్దం తేడాగా అనిపించగానే క్లచ్ నొక్కేయండి. ఆలోచించుకునే టైం ఉండదు.

పాత ఆర్‌ఎక్స్, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బైకులు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన హెడ్ విప్పి, సిలిండర్ పైకి లాగి, పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూపించాడు. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువుగా గీతలు, అల్యూమినియం కరిగి పాముకుపోయినట్టు మెరుస్తోంది. అటువైపే రింగు కూడా గాడిలో అతుక్కుపోయింది. ఇన్‌టేక్ వైపు దాదాపు కొత్తదానిలా ఉంది. ప్లగ్ మొన తెల్లగా, సున్నం కొట్టినట్టుంది. కార్బొరేటర్ గిన్నె వేలితో తుడిచి రెండు వేళ్లు రాసి చూశాడు. "సార్, దీంట్ల జిడ్డే లేదు. టూటీ ఆయిల్ కలిపిన పెట్రోలైతే వేళ్లు జారాలె" అన్నాడు. టూటీ అంటే టూ స్ట్రోక్ ఇంజన్ల కోసం చేసిన ఆయిల్.

మామూలు ఫోర్ స్ట్రోక్ బైకుకు ఇంజన్ కింద ఆయిల్ నిల్వ ఉంటుంది. టూ స్ట్రోక్‌కు అది ఉండదు. పెట్రోల్, గాలి, ఆయిల్ మూడూ పిస్టన్ కింద ఉండే క్రాంక్ కేసు అనే గది లోపలినుంచే పైకి వెళ్తాయి, ఆ దారిలోనే బేరింగులకూ పిస్టన్‌కూ జిడ్డు అందుతుంది. ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఇక్కడ చిన్న పొరపాటు జరిగే అవకాశం ఉంది. ఆ బండికి ఆయిల్ ట్యాంకు వేరు, పంపు తనంతట తనే కలుపుకునేది. 49 సీసీ బండ్లకు ఆ పంపు లేదు, ట్యాంకులో పోసే పెట్రోల్లోనే ఆయిల్ ఉండాలి. యెజ్డీకీ పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి కాబట్టి అది నడిపినవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు.

మిగిలిన పెట్రోల్ సంగతి తేల్చుకుందామని క్యాన్ బాగా కుదిపి, ఒక గాజు సీసాలో సగం దాకా పోసి మూత బిగించి రాత్రంతా కదపకుండా పెట్టాం. పొద్దున్నే చూస్తే రెండు పొరలు. పైన లేత ఎర్ర రంగు పొర, కింద రంగు లేకుండా కాస్త మసకగా ఇంకో పొర, మధ్యలో గీత గీసినట్టు తేడా. సిరంజితో కిందిది ఒక చుక్క, పైది ఒక చుక్క తెల్ల కాగితం మీద వేశాం. పైచుక్క ఆరాక లేత మరక మిగిలింది. కిందిది ఆరాక మరకే లేదు.

అంటే అమ్మినాయన తిట్టిపోసిన ఇథనాల్ పెట్రోలే ఆ డబ్బాలో ఉంది. ఇథనాల్‌కు నీళ్లంటే మహా ఇష్టం. మూత సరిగ్గా పట్టని క్యాన్‌లో పెట్రోల్ నెలల తరబడి పడి ఉంటే గాల్లో తేమ పీల్చుకుంటుంది, లేదా ఎక్కడో నేరుగా నీళ్లే కలుస్తాయి. నీళ్లు ఒక హద్దు దాటాక ఇథనాల్ వాటిని పట్టుకుని అడుగుకు దిగిపోతుంది. ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ట్యాంకు కుళాయి లాగేది అడుగునుంచి. కింది పొరలో కొంత పెట్రోల్ కూడా ఉంటుంది కాబట్టి ఇంజన్ కాసేపు నడుస్తుంది, కానీ జిడ్డు లేకుండా, మామూలు కంటే వేడిగా నడుస్తుంది. మన పిస్టన్ మీద గీతలు అలా పడ్డవే. పై పొరలో కూడా మరక అంత లేతగా ఉందంటే అసలు కలిపిన ఆయిలే తక్కువని మెకానిక్ అనుమానం. నాకూ అదే అనిపిస్తోంది, రంగు వేసినంత శ్రద్ధ ఆయిల్ మీద పెట్టలేదు.

మరి ఏం పోయాలి? బంకులో తాజాగా కొట్టించిన పెట్రోల్, సీలున్న టూటీ ఆయిల్ డబ్బా, కలపడం మీ చేత్తో. ఇంతకు మించి రహస్యం లేదు.

ఎంత కలపాలో మీ బండి మాన్యువల్ చెప్తుంది, షాపువాళ్లు కాదు. ఈ 49 సీసీ చైనా ఇంజన్లకు ఎక్కువగా 25:1 అని ఉంటుంది, అంటే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల ఆయిల్. యమహా వైజెడ్ బండ్లకు 30:1, లీటరుకు సుమారు 33. కార్బొరేటర్ ఉన్న కేటీఎం 250, 300 ఈఎక్స్‌సీలకు 60:1, అంటే 17 దగ్గర. చూశారుగా, ఒక బండి లెక్క ఇంకో బండికి పోస్తే సగానికి సగం తేడా. అందరికీ ఒకటే డబ్బా అమ్మడం ఎంత అన్యాయమో ఇక్కడే తెలుస్తుంది. కొలవడానికి మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజి చాలు. మూతతో అంచనాగా పోయకండి. ఆయిల్ ఎక్కువైతే మంచిదేగా అని రెట్టింపు పోసేవాళ్లున్నారు, దానివల్ల ప్లగ్ తడిసిపోయి బండి మొరాయిస్తుంది, సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది.

ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని చూసుకోండి, అవి టూ స్ట్రోక్ ఆయిల్‌కు జపాన్ వాళ్ల నాణ్యత గుర్తులు. టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నది పడవ ఇంజన్ల కోసం, నీళ్లతో చల్లబడేవాటికి. గాలితో చల్లబడే డర్ట్ బైక్ వేడికి అది సరిపోదు. 20డబ్ల్యూ-40 లాంటి ఫోర్ స్ట్రోక్ ఆయిల్ అసలే వద్దు. డ్రమ్ములోంచి పోసే లూజు ఆయిల్ జోలికి కూడా వెళ్లకండి. ఢిల్లీలో లూజు టూటీ ఆయిల్ అమ్మకాన్ని 1998లోనే సుప్రీంకోర్టు ఆపించింది, అది పొగ గొడవ మీద వచ్చిన ఆదేశమే అయినా.

పెట్రోల్ ఆక్టేన్ గురించి కూడా టెన్షన్ అక్కర్లేదు. ఆక్టేన్ అంటే బలం కాదు, ఒత్తిడికి ముందే మండిపోకుండా ఆగే గుణం. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది, 95 ఆక్టేన్ అని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. పిల్లల బండికి అది చాలు, వంద ఆక్టేన్ పోసినా పికప్ ఏమీ పెరగదు.

ఈ20తో అసలు ఇబ్బంది వేరే ఉంది. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, కాబట్టి కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం, అంటే జెట్, అదే ఉంచి నడిపితే మిక్చర్‌లో గాలి ఎక్కువై పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. నాలుగైదు రౌండ్లు తిప్పాక ప్లగ్ తీసి చూడండి. మొన కాఫీ పొడి రంగులో ఉంటే మంచిది. తెల్లబడితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచమని మెకానిక్‌ను అడగండి. రెండో జాగ్రత్త, కలిపిన పెట్రోల్ రెండు మూడు వారాల్లో వాడేయాలి, వానాకాలంలో ఇంకా త్వరగా. బండి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి అందులోది కూడా వంపేయండి. కుళాయి కట్టేసి ఇంజన్ ఆగేదాకా నడపమని కొందరు చెప్తారు. ఆఖరి నిమిషంలో జిడ్డు లేకుండా తిరిగేది ఆ ఇంజనే, నాకైతే నచ్చదు.

బంకు మీద అనుమానముంటే ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిందే. చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. డెన్సిటీ కూడా అడిగి చూడొచ్చు. ఆయిల్ కలిపాక అదే పేపర్ మీద వేస్తే జిడ్డు మరక మిగలాలి. ఎవరైనా కలిపిచ్చిన పెట్రోల్ అయితే ఈ ఒక్క చుక్కతోనే సగం బండారం బయటపడుతుంది.

షాపాయన ముందు "మీరే ఆయిల్ కలపలేదు" అన్నాడు. సీసా చూపించాక "ఐదు వందలు తగ్గించి కొత్త పిస్టన్ ఇస్తా" అన్నాడు. ఒక్క పిస్టన్‌తో పోదు, సిలిండర్ కూడా గీతలు పడింది. బిల్లు ఇవ్వలేదు కానీ బావ యూపీఐలో కట్టాడు కాబట్టి ఆ రుజువుతో, లేబుల్ ఫొటోతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాం. మీ దగ్గర అలాంటి డబ్బా ఉంటే పారబోయకండి, మూత బిగించి, నిప్పుకు దూరంగా, ఇంటి బయట నీడలో ఉంచండి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు శాంపిల్‌గా పనికొస్తుంది. వృథా ఎందుకని స్కూటీలో మాత్రం పోయకండి, నీళ్లున్న పెట్రోల్‌తో అదీ ఆగిపోతుంది.