హెచ్‌ఎస్-సీఆర్‌పీ, ఎన్‌ఎల్‌ఆర్, ఈఎస్‌ఆర్: గుండె ముప్పును పసిగట్టడానికి ఏది మేలు?

గుండె రక్తనాళాల్లో పూడికకు కొలెస్ట్రాల్ ఒక్కటే కారణం కాదు. నాళం గోడలో చేరిన కొవ్వు చుట్టూ తెల్ల రక్తకణాలు మూగి వాపు (ఇన్‌ఫ్లమేషన్) పుట్టిస్తాయి. ఆ వాపుకు పూడిక పైపొర పలచబడి చిట్లితే, అక్కడ రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. మరి ఈ వాపును ముందే పట్టుకోవడానికి ఏ పరీక్షను నమ్మాలి?

పైన చెప్పిన మూడు రక్తపరీక్షల్లో నా మొగ్గు హెచ్‌ఎస్-సీఆర్‌పీ (హై సెన్సిటివిటీ, అంటే చిన్న తేడాలనూ పట్టే సీఆర్‌పీ పరీక్ష) వైపే. సీఆర్‌పీ అనేది ఒంట్లో వాపు ఉన్నప్పుడు కాలేయం ఎక్కువగా తయారుచేసే ప్రొటీన్. జ్వరం వచ్చినప్పుడు రాసే మామూలు సీఆర్‌పీ పరీక్ష కొలిచేదీ దీన్నే, కాకపోతే గుండె విషయంలో పనికొచ్చే చిన్న తేడాలు దానికి అందవు. అందుకే చీటీ మీద 'హెచ్‌ఎస్' ఉందో లేదో చూసుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందా, టెన్షన్ పడొద్దు. చాలాసార్లు అది ఏదో ఇన్ఫెక్షన్ పనే అయి ఉంటుంది, తగ్గాక రెండు వారాలు ఆగి మళ్లీ చేయించాలి.

2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనంలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 130 లోపే ఉన్నా హెచ్‌ఎస్-సీఆర్‌పీ 2 లేదా అంతకు మించి ఉన్న 17,802 మందిని తీసుకున్నారు. ఎల్‌డీఎల్‌ను తగ్గించే స్టాటిన్ మందు రోసువాస్టాటిన్ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి 44 శాతం తగ్గాయి. అయితే సీఆర్‌పీ తక్కువున్నవాళ్లను అసలు చేర్చుకోలేదు కాబట్టి, ఆ మేలంతా వాపు తగ్గడం వల్లే అనలేం. ఆ సందేహానికి 2017లో కాంటోస్ అనే మరో అధ్యయనం జవాబిచ్చింది: ఎల్‌డీఎల్ జోలికి పోకుండా వాపును మాత్రమే తగ్గించిన కానకినుమాబ్ మందుతో ముప్పు దాదాపు 15 శాతం తగ్గింది.

ఎన్‌ఎల్‌ఆర్ అంటే న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనే రెండు రకాల తెల్ల రక్తకణాల నిష్పత్తి. దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు. సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 6,000, లింఫోసైట్స్ 2,000 ఉంటే నిష్పత్తి 3. కానీ ఎంత దాటితే ప్రమాదమో అందరూ ఒప్పుకున్న గీత లేదు, స్టెరాయిడ్లు వాడితే అంకె పెరిగిపోతుంది. ఈఎస్‌ఆర్‌ను (ఎర్ర రక్తకణాలు గొట్టంలో అడుక్కు దిగే వేగాన్ని కొలిచే పరీక్ష) ఈ పనికి పక్కన పెట్టేయొచ్చు. రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా అది పెరుగుతుంది.

బీపీ, షుగర్, ఎల్‌డీఎల్, పొగతాగే అలవాటు లెక్కేశాక కూడా స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని డాక్టర్ తటపటాయిస్తున్నప్పుడే హెచ్‌ఎస్-సీఆర్‌పీ బాగా అక్కరకొస్తుంది. ఛాతీ నొప్పి మొదలయ్యాక మాత్రం ఇవేవీ పనికిరావు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష చేయించాల్సిందే.