ఆ ‘లైఫ్‌టైమ్ హోస్టింగ్’ అమ్మే అన్న దగ్గర డొమైన్ మాత్రం కొనకండి

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. తెలుగులో వెబ్‌సైట్లు చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది. ప్రతి పండక్కీ ‘ఒక్కసారి కట్టండి, జీవితాంతం మర్చిపోండి’ అని పసుపు రంగు పోస్టర్ పెడతాడే, ఆయనే. ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. కోపం ఇంకా దిగలేదు, అక్షరదోషాలుంటే సర్దుకోండి.

మాది ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ పక్కనున్న పర్లాకిమిడి. మా ఊరి కొమ్ము పని గురించి చాలామంది వినే ఉంటారు. గేదె కొమ్ముతో కొంగలు, దువ్వెనలు, రకరకాల బొమ్మలు చేస్తారు. ఆ పని చేసే ఒకాయన నాకు బాబాయ్ వరస అవుతారు. ఆయన కొట్టుకి సైటు చేసిపెట్టాను. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉన్నాయి. డొమైన్ (సైటు అడ్రసు), హోస్టింగ్ (సైటు ఫైళ్ళు ఉంచే చోటు) ఈ అన్న దగ్గరే తీసుకున్నాం. అప్పట్లో ఆయన మాట ఎంత తియ్యగా ఉండేదో! “బోర్డర్ అవతల ఉన్నా మీరు మన తెలుగువాళ్ళే కదా అన్నా, మీకు స్పెషల్ రేటు ఇస్తా” అన్నాడు. ఆ ‘మన’ అనే ముక్క దగ్గరే పడిపోయాం.

హోస్టింగ్ సంగతి తొందరగా చెప్పేస్తాను, అసలు కథ అది కాదు. ‘అన్‌లిమిటెడ్ స్పేస్’ అన్నాడు. స్పేస్ అన్‌లిమిటెడే, ఫైళ్ళ సంఖ్యకి మాత్రం లిమిట్ ఉంది. దాన్ని ఐనోడ్ లిమిట్ అంటారు, ప్లాన్ పేజీలో ఎక్కడా కనపడదు. సైటు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ఒక్క ఫోటో ఎక్కిస్తే అది రకరకాల సైజుల్లో కాపీలు చేసుకుంటుంది. బొమ్మల కొట్టు సైటు అంటే మొత్తం ఫోటోలే. లిమిట్ నిండగానే మెయిళ్ళు ఆగిపోయాయి, కొత్త ఆర్డర్లు సేవ్ అవడం మానేశాయి, ఆ తర్వాత అకౌంటే సస్పెండ్ చేశారు. బిల్లులో ఎస్‌ఎస్‌ఎల్‌కి (సైటుకీ చూసేవాళ్ళకీ మధ్య డేటాని కాపాడే సర్టిఫికెట్) ఏడాదికి 1,999 అని ముందే టిక్ పెట్టి ఉంది. అందులో ఉన్నదేమిటో సర్టిఫికెట్ తెరిచి చూశాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్. 2015 చివరి నుంచి ఎవరికైనా ఉచితంగా ఇస్తున్న సర్టిఫికెట్, 90 రోజుల గడువు, దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఊరికే వచ్చేదానికి రెండు వేలు. వ్యాపారం అంటే ఇదీ!

సరే, పోనీ, వేరే చోటికి మారిపోదాం అనుకున్నాను. ఫైళ్ళు, డేటాబేస్ బ్యాకప్ నా దగ్గర ఉన్నాయి. కావలసింది డొమైన్ బదిలీకి పాస్‌వర్డ్ లాంటి ఆథ్ కోడ్ ఒక్కటే. మెసేజ్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు. ‘అన్నా’ పోయి ‘సర్’ అయిపోయింది.

“కోడ్ ఇవ్వం సర్. డొమైన్ మా కంపెనీ పేరు మీద ఉంది. రిలీజ్ ఛార్జీ 12,000 కడితే చూద్దాం.”

డబ్బు కట్టింది మా బాబాయ్, ఫారంలో పేరు, అడ్రసు ఆయనవే రాశాను కదా అన్నాను.

“ఫారం మీరు రాసుకున్నారు సర్. రిజిస్టర్ చేసింది మేం.”

వినియోగదారుల ఫోరంకి వెళ్తాం అన్నాను. నవ్వాడు. నిజంగా నవ్వాడు. “మీరు ఒడిశావాళ్ళు కదా సర్. ఇక్కడిదాకా వచ్చి కేసు నడుపుతారా? పన్నెండు వేలకంటే మీ రైలు ఛార్జీలే ఎక్కువవుతాయి” అన్నాడు. ఆ వెనక ఇంకెవరో నవ్వడం కూడా వినిపించింది. స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుతున్నట్టున్నాడు.

డబ్బు అడిగినందుకు నాకు ఇంత మంట లేదు. ఈ ఫీల్డులో అడుగడుగునా ఎవడో ఒకడు అడుగుతూనే ఉంటాడు. అమ్మేటప్పుడు మనవాళ్ళం, అడిగేటప్పుడు ఒడిశావాళ్ళం! ఇక్కడ ఆఫీసులకి వెళ్తే మమ్మల్ని తెలుగువాళ్ళు అంటారు, అక్కడికి ఫోన్ చేస్తే ఒడిశావాళ్ళు అంటారు. అది మాకు కొత్త కాదు. దాన్ని కూడా ఒక ఆఫర్‌లా వాడుకున్నవాణ్ణి మాత్రం మొదటిసారి చూశాను.

ఆయన చేసిన పని ఎలా పనిచేస్తుందో తెలియని వాళ్ళకి చెప్తాను. డొమైన్‌కి రిజిస్ట్రెంట్ అని ఒక పేరు ఉంటుంది. డబ్బు ఎవరు కట్టినా, సైటు ఎవరు చేసినా, ఆ పేరున్నవాళ్ళదే డొమైన్. డాట్ కామ్ లాంటి వాటికి ఐకాన్ (డొమైన్ల వ్యవస్థని చూసే అంతర్జాతీయ సంస్థ) నియమం ప్రకారం రిజిస్ట్రెంట్ అడిగిన 5 రోజుల్లోపు రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే కంపెనీ) ఆథ్ కోడ్ ఇవ్వాలి. ఈయన అక్కడ తన కంపెనీ పేరే పెట్టుకున్నాడు. ఇక అడిగే హక్కు మనకెక్కడిది? బయటినుంచి వెతికితే ఆ పేరు కూడా కనపడదు, ‘ఫ్రీ ప్రైవసీ’ వెనక దాగి ఉంటుంది. ప్రైవసీ ఊరికే ఇచ్చాడని మేం మురిసిపోయాం కూడా. కొత్తగా రిజిస్టర్ అయిన డొమైన్‌కి రిజిస్ట్రెంట్ ఈమెయిల్‌ని 15 రోజుల్లో ధ్రువీకరించాలి, ఆ లింకుతో మెయిల్ వస్తుంది. బాబాయ్‌కి అది రాలేదు. మరి అప్పట్లో డొమైన్ ఆగిపోకుండా నడిచిందంటే, ఆ లింకు ఎవరు నొక్కి ఉంటారో ఇప్పుడు అర్థమైంది.

ఇంకో అబద్ధం కూడా అప్పుడే పట్టుకోవాల్సింది. ‘లైఫ్‌టైమ్ డొమైన్’ అనేదే లేదు. డాట్ కామ్‌ని ఒకేసారి పదేళ్ళకి మించి రిజిస్టర్ చెయ్యలేరు. డొమైన్, హోస్టింగ్ కంపెనీలు మనం ఏటా కట్టే అద్దె మీద నడుస్తాయి. ఒక్కసారి డబ్బు తీసుకుని మన అద్దె జీవితాంతం తానే కడతానన్నవాడు ఏదో ఒక చోట తాళం వేసి లాక్కోవాల్సిందేగా. వర్డ్‌ప్రెస్ ఉచితం, సర్టిఫికెట్ ఉచితం, డాట్ కామ్ టోకు ధర ఏడాదికి పది డాలర్ల పైచిలుకు. ఈయన అమ్మేది వీటిలో ఏదీ కాదు, ఆ తాళమే.

చివర్లో ఒక బెదిరింపు కూడా పడేశాడు. “కట్టకపోతే రెన్యూ చెయ్యం, ఎక్స్‌పైర్ అయ్యాక బయట కొనుక్కోండి.” అది అంత తేలిక కాదని ఆయనకీ తెలుసు. గడువు తీరినా డొమైన్ వెంటనే బయటికి రాదు. రిజిస్ట్రార్ ఇచ్చే గ్రేస్ (అదనపు గడువు) ముగిసి తొలగిస్తే, 30 రోజులు రిడెంప్షన్ (పాత యజమాని వెనక్కి తీసుకోగల గడువు), తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్ (పూర్తిగా తీసేసే ముందు దశ). ఆ క్షణం కోసం సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని కాచుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు. మధ్యలో ఈయనే వేలానికి పెట్టుకోవచ్చు కూడా. బాబాయ్ ప్యాకింగ్ అట్టపెట్టెల మీద కూడా ఆ అడ్రసే అచ్చు వేయించారు. “ఏటి నాన్నా, మన పేరు మనకి ఇవ్వడానికి వాడికేటి?” అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

రైలు ఛార్జీల గురించి నవ్వినాయనకి తెలియని సంగతి ఒకటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తానుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న మొత్తం 5 లక్షల్లోపు ఉంటే ఫీజు కూడా లేదు. ‘వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కారు’ అని అవతలివాళ్ళు అడ్డు చెప్తారు. కానీ స్వయం ఉపాధితో బతికేవాళ్ళకి చట్టంలో మినహాయింపు ఉంది. సొంత చేతులతో కొమ్ము చెక్కి బతికే బాబాయ్ కంటే స్వయం ఉపాధి ఇంకెవరికి ఉంటుంది? ఆ ముందే పెట్టిన టిక్ సంగతి కూడా రాస్తున్నాను. 2023 నవంబర్‌లో కేంద్రం ప్రకటించిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళని బోల్తా కొట్టించే వెబ్‌సైట్ ఎత్తులు) మార్గదర్శకాల్లో, అడగని సరుకుని బిల్లులో దూర్చడం నిషేధాల జాబితాలోనే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను.

మీరు చెయ్యాల్సింది: ఈయన దగ్గర ఇప్పటికే డొమైన్ ఉంటే, గొడవ ఏమీ లేని ఈ టైములోనే ఆథ్ కోడ్ అడిగి చూడండి. ఇస్తే మార్చేసుకోండి. కొత్తగా కొనేవాళ్ళు రిజిస్ట్రార్ దగ్గర మీ ఈమెయిల్‌తో మీరే అకౌంట్ తెరిచి డొమైన్ కొనండి, హోస్టింగ్ వేరేచోట పెట్టుకోండి. క్లయింట్ డొమైన్‌ని మనలాంటి డెవలపర్ పేరు మీద కూడా పెట్టకండి.

‘రిలీజ్ ఛార్జీ’ అని ఈయన మిమ్మల్నీ అడిగి ఉంటే, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తేదీ కనపడేలా నాకు పంపండి. ఫిర్యాదుకి జత చేస్తాను.